రెండు చుక్కలు, ఒక గీత

1978వ సంవత్సరం నవంబరు 12వ తేదీ, ఆదివారం, సాయంకాలం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మూడు రోజులుగా విడవక పట్టిన ముసురు ఆనాటి మధ్యాహ్నానికి సన్నని తుంపరగా మారినది. తూర్పుగాలి మాత్రం తగ్గలేదు. ఆ వేళ రేణిగుంట స్టేషను వీధిలో, చివరినుండి రెండవ ఇంటి తలుపును ఎవరో మూడుసార్లు తట్టినారు.

లోపల కూర్చున్న గంగులప్పకు ఆ చప్పుడు తన తలుపుదని వెంటనే తోచలేదు. ఆ ఇంటికి వచ్చేవారు ఇద్దరే. సోమవారం ఉతుకు బట్టలకు వచ్చే చిన్నబ్బ తలుపు తట్టడు, వీధిలోనుండే కేక వేస్తాడు. రెండుపూటలా అన్నం క్యారియరు తెచ్చే పూటకూళ్ల కుప్పమ్మ కూడా తట్టదు, కాలితో తోసుకొని వస్తుంది. కనుక మూడవసారి చప్పుడైన తరువాతనే ఆయన లేచినాడు.

గంగులప్ప రేణిగుంట జంక్షను పార్సిలు కార్యాలయంలో ముప్పైరెండు సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి, 1976 జూను నెలాఖరున విరమించినవాడు. రసీదు చూపనిదే ఎంతటివారికైనా మూట వదలడని ఆయనకు పేరు. ఒకమారు స్టేషను మాస్టరు మామగారు మామిడిపండ్ల బుట్టకోసం వచ్చి, రసీదు ఇంటిలో మరచినానని చెప్పగా, పండ్లు మాగి గది అంతా వాసన నిండుతున్నా ఇవ్వక, వచ్చిన దారినే పంపినాడు. ముప్పైరెండేండ్లలో ఒకరి మూట వేరొకరి చేతికి పోలేదన్నది ఆయనకున్న ఒకే ఒక గర్వం.

భార్య రంగనాయకమ్మ 1969లో కామెర్లతో పోయినది. బిడ్డలు లేరు. ఉద్యోగం ఉన్నంత కాలం ఇంటిలోని నిశ్శబ్దం ఆయనకు తెలియలేదు. నిద్రపోవడానికి మాత్రమే ఇంటికి వచ్చేవాడు. విరమించిన తరువాత తెలిసినది. రైళ్ల కూతలనుబట్టి స్నానం, రైళ్ల కూతలనుబట్టి భోజనం. కొన్ని రోజులు కుప్పమ్మతో "సాంబారులో ఉప్పు తక్కువ" అన్న మాట తప్ప ఆయన నోట వేరొక మాట వెలువడేది కాదు. ఉప్పు సరిగా ఉన్ననాడు ఆ మాట కూడా లేదు.

తలుపు తీయగా, గడప అవతల ముప్పైఅయిదేండ్ల బక్కపలుచని మనిషి ఒకడు, చంకలో గుడ్డమూటతో నిలబడి ఉన్నాడు. అతని చేయి పట్టుకొని ఆరేండ్ల ఆడపిల్ల. పిల్ల కుడికనుబొమ పైన తెల్లని ప్లాస్టరు పట్టీ.

"గంగులప్ప సారు ఇల్లు ఇదేనా సామీ?"

"నేనే. పార్సిలు సంగతైతే ఆఫీసులో అడగండప్పా. నేను దిగిపోయి రెండేండ్లు దాటింది."

ఆ మనిషి మాట పూర్తికానీయలేదు. తడిసిన అరుగుమీదనే సాగిలపడి ఆయన రెండు పాదాలూ పట్టుకొన్నాడు.

"పార్సిలు కాదు సామీ. నా బిడ్డను నాకు తెచ్చిచ్చిన దేవుడు మీరు."

గంగులప్ప పాదాలను వేరొక మనిషి చేయి తాకి ఎన్నో ఏండ్లయినది. వెనుకకు జరుగబోయి, గడప తగిలి ఆగిపోయినాడు. ఆ మనిషి లేచి, కండ్లు తుడుచుకొని, తన సంగతి చెప్పినాడు.

అతని పేరు ధనంజయ. ఊరు నగరి, కులవృత్తి నేత. రెండు వారాలకొకమారు ఏకాంబరకుప్పం స్టేషనులో రైలెక్కి, రేణిగుంటలో దిగి, బస్సు పట్టి, తిరుపతిలోని ఒక అంగడికి చీరలు చేర్చి పోతుంటాడు. తొమ్మిది రోజుల క్రిందట, అంటే మూడవ తేదీ శుక్రవారం, బిడ్డ మారాము చేస్తే వెంట తెచ్చినాడు.

"బస్సు కాడ జనం సామీ, అబ్బబ్బ! తిరునాళ్లు మాదిరి. 'పాపా, ఈడనే నిలబడు, కదలొద్దు' అని పండ్లబండి పక్కన నిలబెట్టి, సీటుకు తుండు వేద్దామని కిటికీ కాడికి పరిగెత్తినా. తుండు లోపల వేసినా, తిరిగి చూస్తే బిడ్డ లేదు. రోడ్డు మీద ఇంత నెత్తురు. పక్కన దాని చెప్పు, ఒకటే."

కొండకు పోయే యాత్రికుల బాడుగ కారొకటి వెనుకకు తిరుగుతూ పిల్లను పక్కకు తోసివేసినది. రాతి అంచు తగిలి నొసలు చిట్లినది, మణికట్టు బెణికినది, అంతే. కాని జానెడు ఇటు పడివుంటే తల చక్రం క్రిందికి పోయేది. కారు నిలువలేదు. తెల్లబట్టలు కట్టుకొన్న మనిషెవరో పిల్లను ఎత్తుకొని, తన తుండును నొసటికి బిగించి కట్టి, జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయినాడని చూచినవారు చెప్పినారు. తండ్రి పరుగున ఆసుపత్రి చేరేసరికి నాలుగు కుట్లు పడినాయి. ఆ మనిషి మాత్రం బిడ్డను కాంపౌండరుకు అప్పగించి, పేరైనా చెప్పక వెళ్లిపోయినాడు. మిగిలినది నెత్తుటి తుండు ఒకటే.

"నేను నేసేవాణ్ని సామీ. గుడ్డ చేతికొస్తే ముందు అంచు చూస్తా, ఆమీద మూల చూస్తా. మూలలో జీడిగుర్తు ఉండాది. ఉతికేవాళ్లు ఇంటికొక గుర్తు పెడతారు గదా? పొద్దున పాపను ఆసుపత్రిలో పట్టీ మార్చేదానికి కూచోబెట్టి, నేనొక్కణ్నే రేవు కాడికి పోయి చూపిస్తే, చిన్నబ్బ అనే ఆయన చూసి, 'గుడ్డ స్టేషను వీధి గంగులప్ప సారుదే' అన్నాడు."

అని మూట విప్పి, ఉతికి మడిచిన తుండును రెండు చేతులతో అందించినాడు.

గంగులప్ప మూల తిప్పి చూచినాడు. రెండు చుక్కలు, వాటి క్రింద ఒక గీత. ఆ పక్కనే ఎప్పుడో నిప్పురవ్వ పడిన చిన్న చిల్లు. తుండు తనదే. సందేహం లేదు.

అయితే ఆ శుక్రవారం ఆయన మోకాలినొప్పితో గడప దాటలేదు. ఆ తుండు అక్టోబరు 23న ఉతుకుకు పోయి, 30న రాలేదు. నవంబరు 6న కూడా రాలేదు. "వానకు ఆరలేదు సారూ, వచ్చేవారం తెస్తా" అన్నాడు చిన్నబ్బ. అదే మూటలో పోయిన ఆయన పంచె, చొక్కా కూడా 30న రాక, 6వ తేదీననే వచ్చినాయి.

నిలుచున్నచోటనే సమస్తమూ ఆయనకు అర్థమైనది. ఉతుకుకు వచ్చిన తెల్లబట్టలలో ఒక జత కట్టుకొని చుట్టాల శుభకార్యాలకు పోవడం, తిరిగి ఉతికి గంజిపెట్టి ఇండ్లకు చేర్చడం ఆ ప్రాంతపు రేవులలో తరతరాలుగా ఉన్నదే. అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. కంటపడితే మాత్రం ఆ ఇంటివారు మూటను వేరొకరికి వేస్తారు. చిన్నబ్బ అబద్ధమాడలేదు. గుడ్డ సారుదే అన్నాడు. పిల్లను ఎత్తుకొన్నది ఎవరో చెప్పలేదు, అంతే.

'నేను కాదప్పా' అన్న మాట గంగులప్ప నాలుక చివరిదాకా వచ్చినది. అప్పుడే తుంపర చినుకులైనది. పిల్ల ఎవరి అనుమతీ అడుగక గడప దాటి లోపలికి వచ్చి, తొమ్మిదేండ్లుగా ఎవరూ కూర్చోని రంగనాయకమ్మ పీటమీద కూర్చొని, కాళ్లు చాచుకొన్నది.

"లోపలికి రండి, తడుస్తా ఉండారు" అన్నాడు గంగులప్ప.

చెప్పవలసిన మాట స్థానంలో వచ్చిన మాట అది. మూడున్నర నెలలు అదే నిలిచినది.

పిల్ల పేరు పంకజాక్షి. ఆమె లేచి వచ్చి, గంగులప్ప కుడిచేతిని తన రెండు చేతులలోకి తీసుకొని, వెలుతురుకు తిప్పి, వేళ్ల చివరలు ఒక్కొక్కటే చూచి, వదిలివేసినది.

"ఈ తాత చేతులు ఎండిపోయుండాయి నాయనా. ఆ మామ చేతులు నానిపోయి, ముడతలు ముడతలుగా ఉండె."

"కండ్లల్లో నెత్తురు కారతా ఉంటే నీకేం తెలుస్తాది? ఊరుకో. తాతకు మొక్కు" అన్నాడు తండ్రి.

పిల్ల మొక్కినది. గంగులప్ప తన చేతులను పంచెలో దాచుకొన్నాడు.

వీధిచివరనున్న కుప్పమ్మను పిలిచి మూడు కాఫీలు చెప్పగా, ఆమె తలుపులో నిలబడి లోపలికి తొంగిచూచినది.

"మూడా? రెండేండ్లలో నువ్వు నాతో రెండు కాఫీలు సెప్పలే. ఏం సారూ, పెండ్లిచూపులకేమన్నా వచ్చినారా?"

"నోరు మూసుకోని తేవమ్మా."

"తెస్తా, తెస్తా. గలాసులు నీవే ఇయ్యి. నావి అంగట్లో సాలలే."

ఇంటిలో ఉన్నది ఒకే గ్లాసు. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు త్రాగినారు. పోయేముందు ధనంజయ మూట అడుగునుండి వేరొక తుండు తీసినాడు. కొత్తది, సన్నని నేత, అంచున ఎర్రపోగు రెండు వరుసలు.

"ఇది యజమాని పడుగులోది కాదు సామీ. నా సొంత నూలు. బిడ్డకు కుట్లు మానేలోపల నెయ్యాలని కూచున్నా. కాదనొద్దు."

గంగులప్ప కాదనలేదు. ఆరుగంటల ప్యాసింజరుకు వారిని ఎక్కించడానికి తానే గొడుగు పట్టుకొని స్టేషనుకు నడిచినాడు. బండి కదలినప్పుడు కిటికీలోనుండి ఒక చిన్న చేయి ఊగినది. ముప్పైరెండేండ్లు ఆ ప్లాటుఫారం మీద తిరిగిన మనిషికి ఒక చేయి తనకోసం ఊగడం అదే మొదలు.

మరునాడు సోమవారం. వీధిలోనుండి కేక వినబడలేదు. కొంతసేపటికి చూడగా, చిన్నబ్బ అరుగు క్రింద గాడిదను నిలిపి, మూట సర్దుతున్నట్లు వంగి ఉన్నాడు. నలభైయేండ్ల మనిషి, నీళ్లలో నాని నాని వేళ్ల చివరలు పాలిపోయి ముడతలుపడినాయి. గంగులప్ప చూపు మొదట వాటిమీదనే పడినది.

"తుండు కోసం ఎతకబళ్లే చిన్నబ్బా. వచ్చేసింది."

"ఎట్లొచ్చింది సారూ?"

"నడుసుకుంటా."

చిన్నబ్బ తలయెత్తలేదు. బట్టలు లెక్కపెట్టినాడు, మరల లెక్కపెట్టినాడు. తరువాత, గాడిదతో చెబుతున్నట్లుగా అడిగినాడు:

"పాపకు కుట్లు మానినాయా సారూ?"

"మానినాయి. పట్టీ ఒకటి ఉండాది."

"చెయ్యి?"

"ఆడిస్తా ఉండాది."

"మంచిది" అని చిన్నబ్బ గాడిదను అదిలించుకొని పోయినాడు. అంతకుమించి ఇద్దరిలో ఎవరూ మాట ఎత్తలేదు. ఎత్తితే చిన్నబ్బకు రైల్వే క్వార్టర్సు మూటలన్నీ పోతాయి. బజారులో కొత్తగా పెట్టిన లాండ్రీ ఆ ఇండ్లకోసం పొంచి ఉన్నది. కాబట్టి తన మౌనం చిన్నబ్బ మేలుకోసమే అని గంగులప్ప తనకు తాను చెప్పుకొన్నాడు. ఆ మాట నిజమే. అయినా దానిని పట్టుకొని నిద్రపోవడం ఆయనకు కష్టమైనది.

ధనంజయ ఆ తరువాత ఒక్క పర్యాయం కూడా తప్పలేదు. రెండు వారాలకొకమారు, శుక్రవారం పోయే మనిషి తన రాకను ఆదివారానికి మార్చుకొని, తిరుపతి పని చూచుకొని తిరుగు ప్రయాణంలో స్టేషను వీధికి వచ్చేవాడు. పంకజాక్షి వెంట ఉండేది. తల్లి వసంతమ్మ, చంటిబిడ్డతో కదలలేనిది, ఒకసారి మురుకులు, ఒకసారి చింతకాయ పచ్చడి, ఒకసారి నిమ్మకాయ చిత్రాన్నం పంపేది. "సామీ" అన్న పిలుపు నాలుగవ రాకకు "అన్నా" అయినది. గంగులప్ప బజారుకు పోయి రెండు గ్లాసులు కొన్నాడు. పిల్లకు పలక తెచ్చినాడు. ఆదివారం వచ్చేముందు శనివారంనాడే ఇల్లు ఊడ్చి, గడప కడిగేవాడు. అరక్కోణం ప్యాసింజరు కూత ఇప్పుడు ఆయనకు భోజనవేళను కాక వేరొకదానిని గుర్తుచేసేది.

రాని ఆదివారాలు మునుపటికంటె పొడుగైనాయి. మునుపు ఆయనకు ఎదురుచూచే పని లేదు.

ఒకనాడు పంకజాక్షి పలకమీద ఆవును గీస్తూ అడిగినది: "తాతా, నన్ను ఎత్తుకున్నప్పుడు నువ్వేమన్నావు?"

"ఏమన్నాను?"

"నువ్వే చెప్పు."

గంగులప్ప కొంత ఆలోచించి, "ఏడవొద్దు అన్నాను" అన్నాడు.

"నేను ఏడవనే లేదే!" అని పిల్ల మరల ఆవు కొమ్ములు దిద్దుకోవడంలో పడినది. ధనంజయ నవ్వినాడు. గంగులప్ప గ్లాసులు కడిగే నెపంతో లేచి లోపలికి పోయినాడు.

ప్రతి సోమవారం చిన్నబ్బ అడిగేవాడు. పాప వచ్చిందా, మచ్చ పడిందా, బడికి పోతోందా. అడిగి, జవాబును మూటలో కట్టుకొన్నవాడివలె మారు మాటలేక పోయేవాడు. తన ఇంటికి వచ్చిపోతున్నది చిన్నబ్బకు రావలసినదని, చిరునామా ఒకరిది అయితే మూట వేరొకరు విప్పుకొంటున్నారని, ఆ మూడు ప్రశ్నలు విన్నప్పుడంతా గంగులప్పకు తోచేది. రసీదు లేక మామిడిపండ్ల బుట్ట ఇవ్వని మనిషి తానేనా అని కూడా తోచేది.

1979 ఫిబ్రవరి 18, ఆదివారం. ఎండ ముదిరినది. ఆనాడు ధనంజయ కాఫీ త్రాగిన తరువాత గ్లాసును క్రింద పెట్టక, చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"అన్నా, ఒక మాట. పాపకు ఇంకా చెవులు కుట్టలేదు, చూసినారు గదా. మూడేండ్లకే కుట్టాల్సింది. మా వసంతకు తోడబుట్టినోళ్లు లేరు. మేనమామ ఒళ్లో కూచోపెట్టి గదా కుట్టాల? ఒళ్లు లేక నిలిచిపోయింది."

గంగులప్ప పిల్ల చెవుల వైపు చూచినాడు.

"మా వసంత అంటా ఉండాది: ఆ పొద్దు ఎవురి చేతుల్లో బిడ్డ బతికిందో, ఆయన ఒళ్లోనే కూచోబెడదాం, ఆయనే నాకు అన్న అని. మార్చి తొమ్మిది శుక్రవారం మంచిరోజు. మీరు రావాల."

కాఫీవలె, మురుకులవలె పుచ్చుకొని ఊరుకొనదగినది కాదు ఇది. మేనమామ ఒడి ఒక పూటతో తీరదు. పిల్ల పెద్దమనిషైననాడు, పెండ్లినాడు, పురిటినాడు ఆ ఒడికి పిలుపు వస్తుంది. ఆ మనిషి చచ్చేదాకా వస్తూనే ఉంటుంది. ఆ పిలుపు గంగులప్ప తన జన్మలో కోరుకొన్న దేనికంటెను పెద్దది. అందుకే దానిని తాకడానికి ఆయనకు భయమైనది.

"చూద్దాంలే అప్పా" అన్నాడు. "చూసేదేముండాది అన్నా, నాలుగో తేదీ వచ్చి తాంబూలమిచ్చి పిలుస్తా" అని ధనంజయ లేచినాడు.

మరునాడు చిన్నబ్బ మూట విప్పుతుండగా గంగులప్ప అరుగుమీద అతని ఎదుట కూర్చున్నాడు. ఎన్నడూ కూర్చోలేదు.

"చిన్నబ్బా, పాపకు చెవులు కుడతారంట. మేనమామగా నన్ను కూచోమంటా ఉండారు."

చిన్నబ్బ పంచెను మడత పెడుతున్నాడు. మడత వంకరైనది.

"కూచోండి సారూ. మంచిదే గదా."

"నేనెట్లా కూచునేది?"

"ఏం? మోకాలు నొప్పా?"

"ఆ పొద్దు బిడ్డను ఎత్తుకున్నది ఎవురు?"

వీధిలో ఎవరూ లేరు. అయినా చిన్నబ్బ అటూ ఇటూ చూచినాడు.

"మా అన్న కూతురు నిశ్చితార్థం సారూ. నా పంచె చినిగిపోయుండె. మీదే ఒకటి మడతలో కనపడింది, కట్టుకున్నా. తుండు కూడా మీదే. నెత్తురు చూసేసరికి చేతికి అదే దొరికె. ఇంటికి పోతే నా పెండ్లాం నాగులమ్మ నన్ను తిట్టిన తిట్లు! 'గంగులప్ప సారు కంటే నెమ్మదస్తుడు ఎవురున్నాడు, ఆయన తుండేనా నీకు దొరికింది' అని."

"తుండుకేముంది."

"సెప్పొద్దు సారూ. క్వార్టర్సంతా పోతాది. ఇరవై ఇండ్లు." గొంతు తగ్గించి అన్నాడు: "బిడ్డ ఏడవలే సారూ. నా మెడ పట్టుకోనింది, అంతే. ఆసుపత్రి దాకా వదల్లే. 'సీమ కుట్టిందిలే బంగారూ' అంటే, 'ఎర్రసీమా, నల్లసీమా' అనింది. నాకు ముగ్గురూ మొగపిల్లోళ్లే గదా. అట్ల పట్టుకోవడం నాకు తెలీదు."

"ఏం చెప్పినావు?"

"ఎర్రసీమ అన్నా."

ఇద్దరూ నవ్వినారు. చిన్నబ్బ మూట కట్టుకొని పోయినాడు.

మార్చి 4వ తేదీ, ఆదివారం, సాయంకాలం. ధనంజయ తాంబూలపు పళ్లెంతో వచ్చినాడు: పసుపు, కుంకుమ, ఆకువక్కలు, కొత్త పంచె. పంకజాక్షి నూనె పెట్టి జడ వేసుకొన్నది; మచ్చ కనుబొమపైన సన్నని గీతగా మిగిలినది. గంగులప్ప పళ్లెం అందుకోలేదు.

"కూచో ధనంజయా. ముప్పైరెండేండ్లు నేను ఒకరి మూట ఇంకొకరికి ఇయ్యలేదు. దిగిపోయినాక ఒకటి నేనే తీసుకున్నా. ఆ పొద్దు ఆ తుండు నా దగ్గర లేదు. ఉతుకుకు పోయింది. నేను ఇల్లు కదల్లేదు."

ధనంజయకు ఆ మాటలు చెవికెక్కడానికి సమయం పట్టినది. పిల్లకు పట్టలేదు.

"నేను చెప్పినా గదా నాయనా" అన్నది.

"ఉండమ్మా." ధనంజయ పళ్లెం నేలమీద పెట్టినాడు. "ఎవురు మరి?"

"గుర్తు చూసి చెప్పినాడే, ఆయనే. మంచి గుడ్డ లేక నాది కట్టుకోని పోయుండె. బయటపడితే పని పోతాదని భయం. నువ్వు కూడా బజారులో అనొద్దు. ఆయన భయపడినాడని నేను ఊరుకున్నా అని అనుకుంటా ఉంటిని. అది సాకు. నువ్వు రావల్లనే ఊరుకున్నా."

బయట గూడ్సు బండి ఒకటి పోయినది.

"మూడున్నర నెలలు అన్నా" అన్నాడు ధనంజయ. గొంతులో కోపం లేదు. అందుకే వినడానికి కష్టమైనది. "మగ్గం గుంటలో దిగేటప్పుడంతా మిమ్మల్ని తల్చుకోని దిగితిని. నాకు తెలీలేదు, సరే. మీకు తెలుసునే."

"తెలుసు."

గంగులప్ప పెట్టె తెరచి, ఒకమారైనా భుజాన వేసుకొనని ఎర్రంచు తుండును తెచ్చి ఇచ్చినాడు. ధనంజయ తీసుకొన్నాడు. పళ్లెం ఎత్తుకొన్నాడు. పిల్ల పలక తీసుకోబోగా, "తీసుకో, అది నీదే" అన్నాడు గంగులప్ప. గడప దాటిన తరువాత ధనంజయ నిలిచినాడు; తిరిగి చూడలేదు.

"ఆ పొద్దే చెప్పింటే కూడా వస్తానే ఉంటిని అన్నా. కాఫీకి."

స్టేషను వైపు కాక, తండ్రీబిడ్డలు స్వర్ణముఖి రేవు వైపు నడచినారు. మలుపుదాకా గంగులప్ప చూస్తూ నిలబడినాడు. పిల్ల ఒకమారు తిరిగి చూచి, పలక ఎత్తి ఊపినది.

ఆ సోమవారం చిన్నబ్బ వీధిలోనుండి కేక వేయలేదు, తలుపు తట్టినాడు.

"ఆ పాప నేరుగా నా కాడికొచ్చి, సెయ్యి పట్టుకోని సూసింది సారూ. సూసి, 'ఎర్రసీమా, నల్లసీమా' అనింది. వాళ్ల నాయన తుండు నా భుజాన వేసినాడు. శుక్రవారం రమ్మన్నారు. నేను రాననే సెప్పినా. మేము ఏ కులమోళ్లము, వాళ్లు ఏ కులమోళ్లు, నలుగురూ ఊరుకుంటారా అని. ఆయన వినడే!"

గంగులప్ప లోపలికి పోయి, మడత విప్పని తెల్లపంచె, చొక్కా తెచ్చి అరుగుమీద పెట్టినాడు.

"ఈ మారు నేనే ఇస్తా ఉండా. కట్టుకోని పో."

"ఉతికి తెస్తా సారూ."

"వద్దు. ఉంచుకో."

మార్చి 9వ తేదీ ఉదయం, నగరిలో పంకజాక్షికి చిన్నబ్బ ఒడిలో చెవులు కుట్టినారు. నేతవారిలో కొందరు భోజనానికి నిలువలేదు. ధనంజయ వారిని బ్రతిమాలలేదు. గంగులప్పకు పిలుపు లేదు. ఆనాడు ఆయన అరక్కోణం ప్యాసింజరు పోయే కూతను, తిరిగివచ్చే కూతను ఇంటిలోనుండి విన్నాడు.

సంగతి ఎట్లో పొక్కి, క్వార్టర్సులో నాలుగు ఇండ్లవారు చిన్నబ్బకు మూట వేయడం మానుకొన్నారు. మిగిలినవారు మానలేదు. ధనంజయ స్టేషను వీధికి మరల రాలేదు. 1982లో మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరి, తిరుపతికి చీరలు తెచ్చే పని కూడా చాలించుకొన్నాడు. చిన్నబ్బ పండుగలకు నగరి పోయివచ్చేవాడు. అతడు బట్టలకు వచ్చిన సోమవారాలలో అడిగేవాడు గంగులప్ప: పాప ఎన్నో తరగతి, మచ్చ కనబడుతున్నదా, తనను అడిగినదా. మూడవ ప్రశ్నకు చిన్నబ్బ ఒకొక్కమారు "అడిగింది సారూ" అనేవాడు. ఒకొక్కమారు ఏమీ అనేవాడు కాదు.

గంగులప్ప 1985 ఆగస్టు 20వ తేదీ, మంగళవారం, తెల్లవారుజామున పోయినాడు. క్యారియరు తెచ్చిన కుప్పమ్మ చూచినది. ఇంటి సామానులో మూడు కాఫీ గ్లాసులు దొరికినాయి. అవి ఆమె తీసుకొన్నది. పంకజాక్షి 1988లో పదవ తరగతి ప్యాసైనది. ఎర్రంచు తుండు చిన్నబ్బ వద్దనే ఉన్నది. తన సొంతది కనుక దానిమీద గుర్తు ఏదీ లేదు. రెండు చుక్కలు, ఒక గీత గుర్తును అతడు ఆ తరువాత మరి ఏ ఇంటి గుడ్డకూ పెట్టలేదు.